జున్నుగాడికి కారు పడదు!

ప్రతి ఇంట్లో బస్సు పడనివాళ్లు ఒకరుంటారు. పెళ్లికి మినీ బస్సు మాట్లాడితే వాళ్లకి ముందు సీటు, అదీ కిటికీ పక్కన. చేతిలో నిమ్మకాయ, ఒళ్లో కవరు. బండి కదలకముందే డ్రైవర్‌కి ఓ మాట చెప్పేస్తారు. ‘అన్నా, నాకు పడదు, కొంచెం మెల్లగా పోనీ’ అని. మనిషికి నోరుంది కాబట్టి చెప్పుకుంటాడు. నాలుగున్నర నెలల కుక్కపిల్ల ఎలా చెప్పుకుంటుంది? ఆవలిస్తుంది. పెదాలు నాక్కుంటుంది. సొల్లు కారుస్తుంది. అవేవీ మనకి అర్థం కాకపోతే చివరికి సీటు మీద చెప్పేస్తుంది!

మా జున్నుగాడు ఇదంతా మూడు కిలోమీటర్లలోనే చెప్పేవాడు.

జున్ను దేశీ కుక్కపిల్ల. నాగోల్‌లో మేముండే అపార్ట్‌మెంట్ వెనక ఖాళీ స్థలంలో పుట్టాడు. పూర్తిగా తెలుపూ కాదు, పసుపూ కాదు, అచ్చం జున్నుముక్క రంగు. మూడు నెలలప్పుడు మా ఫ్లాట్‌కి వచ్చాడు. ఇంట్లో హుషారు, గ్రౌండ్‌లో హుషారు. కారు దగ్గరికి తీసుకెళ్తే మాత్రం నాలుగు కాళ్లకీ బ్రేకులు వేసేవాడు. వ్యాక్సిన్ కోసం మూడు కిలోమీటర్ల దూరంలోని క్లినిక్‌కి వెళ్తే, వెళ్లేటప్పుడు ఒక వాంతి, వచ్చేటప్పుడు ఒక వాంతి.

అప్పుడే నాన్నకి మోకాలి మార్పిడి ఆపరేషన్ ఖాయమైంది. ఆరు వారాల టైమ్ ఉంది. ఆపరేషన్ తర్వాత నెల రోజులు నేను కోదాడలో ఉండి అక్కణ్నుంచే పనిచేయాలి. అమ్మ ఒక్కతే ఆయన్ని లేపి నడిపించలేదు. ఆఫీసులో ఒప్పుకున్నారు. జున్ను సంగతే తేలలేదు. రూమ్మేట్‌వి నైట్ షిఫ్టులు. కుక్కల్ని ఉంచుకునే చోట అడిగితే, ఇంత చిన్నపిల్లని నెల రోజులంటే కుదరదన్నారు. నాన్నేమో ఫోన్లో తేల్చేశారు. ‘ఎవరికైనా ఇచ్చెయ్ రా. దానికీ సుఖం, నీకూ సుఖం.’

ఆయన్ని అనడానికేం లేదు, అప్పటికి ఆయన జున్నుని చూడనేలేదు. ఇటు చూస్తే నాగోల్ నుంచి కోదాడకి సుమారు 170 కిలోమీటర్లు. మూడు కిలోమీటర్లకే తట్టుకోలేని పిల్లని అంత దూరం ఎలా తీసుకెళ్లాలి? వీడు ప్రయాణం నేర్చుకోవాలి, లేదంటే నేను వీణ్ని ఎవరికో ఇచ్చేయాలి. ఆరు వారాల్లో ఏదో ఒకటి తేలిపోవాలి.

లోపల ఏం జరుగుతుందంటే...

మన చెవి లోపలి భాగంలో ద్రవంతో నిండిన మూడు చిన్న అర్ధవృత్తాకార గొట్టాలుంటాయి. తల తిరిగితే లోపలి ద్రవం కదులుతుంది. ‘మనం తిరుగుతున్నాం’ అని మెదడుకి కబురు వెళ్తుంది. ముందుకీ వెనక్కీ, పైకీ కిందకీ కదిలామా అని చెప్పడానికి వాటి పక్కనే ఇంకో ఏర్పాటుంది. కుక్కకీ ఇంతే. ఇప్పుడు కుక్కపిల్లని వెనక సీట్లో ఊహించుకోండి. కంటికి కనపడేది ముందు సీటు వీపు. అది కదలట్లేదు. చెవి మాత్రం ఊగుతున్నామంటోంది. రెండు సెన్సర్లు రెండు రీడింగులు ఇస్తుంటే మెదడు అయోమయంలో పడుతుంది. దాని ఫలితమే వికారం.

కుక్కపిల్లల్లో ఈ బ్యాలెన్స్ వ్యవస్థ ఇంకా ఎదుగుతూ ఉంటుంది. పెద్ద కుక్కలకంటే పిల్లలకే ఈ బాధ ఎక్కువగా ఉండటానికి అదొక కారణం. చాలా పిల్లలకి ఏడాది వయసు వచ్చేసరికి తగ్గిపోతుంది కూడా.

మనుషుల మీద చేసిన ప్రయోగాల్లో తేలిన విషయం ఇంకోటుంది. సెకనుకి పదిసార్లు గడగడా ఊగితే అంత వికారం రాదు. దాదాపు ఐదు సెకన్లకి ఒకసారి మెల్లగా ఊగే ఊపు ఉంది చూశారూ, అదే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. పడవలో వచ్చే ఊపు అలాంటిదే. సిటీ ట్రాఫిక్‌లో బ్రేకు, యాక్సిలరేటర్, మళ్లీ బ్రేకు కూడా దాదాపు అదే ఊపు. నేరుగా పోయే హైవే కంటే ఉప్పల్ చౌరస్తా కష్టం అన్నమాట.

ఒక బగ్ కాదు, రెండు

మా పనిలో ఏ సమస్య వచ్చినా ముందు లాగ్ చూస్తాం. జున్ను విషయంలోనూ ఫోన్లో ఒక షీట్ తెరిచాను. చివరిసారి తిని ఎంతసేపైంది, మొదటి ఆవలింత ఎప్పుడు, సొల్లు ఎప్పుడు మొదలైంది, వాంతి ఎప్పుడు, ఏ రోడ్డు. నాలుగు ప్రయాణాలు రాసేసరికి ఒకటి స్పష్టంగా కనపడింది. సొల్లు ఇంజన్ స్టార్ట్ చేయకముందే మొదలవుతోంది. వాంతి మాత్రం బండి కదిలిన పది, పన్నెండు నిమిషాలకి.

కదలని కారులో మోషన్ సిక్‌నెస్ ఎక్కణ్నుంచి వస్తుంది? రాదు. అది భయం. రష్యన్ శాస్త్రవేత్త పావ్లోవ్ కథ ఇంటర్లో చదువుకునే ఉంటారు. జీర్ణక్రియ మీద చేసిన పనికి 1904లో నోబెల్ అందుకున్నాడాయన. తిండి రాబోతోందని తెలిపే గుర్తు కనపడితే చాలు, ఆయన కుక్కలకి నోట్లో లాలాజలం ఊరేది. మా వాడిదీ అదే లెక్క, కాకపోతే తిరగేసి. కారు తలుపు కనపడగానే తర్వాత రాబోయే వికారం, ఇంజక్షన్ రెండూ గుర్తొచ్చి ఒళ్లు ముందే స్పందిస్తోంది.

అంటే సమస్యలు రెండు. ఒకటి చెవిది, ఒకటి మనసుది. చెవిది వయసుతో తగ్గొచ్చు. మనసుది మాత్రం ప్రతి చెడ్డ ప్రయాణంతో ఇంకా గట్టిపడుతుంది. ‘రోజూ తిప్పితే అదే అలవాటైపోతుంది’ అని మా వాచ్‌మన్ దగ్గర్నుంచి టీమ్ లీడ్ దాకా అందరూ సలహా ఇచ్చారు. వాంతి చేసుకుంటూనే రోజూ తిరిగితే అలవాటయ్యేది కారు కాదు, భయం.

మీరు కూడా మొదట తేల్చుకోవాల్సింది ఇదే. ఆగి ఉన్న కారులో మీ పిల్ల ఎలా ఉంటుంది? మామూలుగా ఉండి, కదిలాకే ఇబ్బంది పడితే సమస్య ఎక్కువగా చెవిది. కారుని చూడగానే వణికితే భయం కూడా తోడైనట్టు.

ముందు డాక్టర్

ఇంకేం మొదలుపెట్టకముందే డాక్టర్‌కి చూపించాను. చెవిలో ఇన్ఫెక్షన్ ఉన్నా, కడుపులో పురుగులున్నా వాంతులు రావచ్చు. అవి లేవని తేలాక ఆయన ఒక మాట గట్టిగా చెప్పారు. కారులో తప్ప ఇంకెక్కడా వాంతి చేసుకోని పిల్ల గురించి కంగారు వద్దు. కానీ ఇంట్లో కూడా వాంతులవుతున్నా, తిండి మానేసి మూలన పడుకున్నా, విరేచనంలో రక్తం కనపడినా అది ప్రయాణం గొడవ కాదు. పార్వో కావచ్చు, ఆ రోజే రావాలి. తల ఒక పక్కకి వాలిపోయి ఉన్నా, గుండ్రంగా తిరుగుతున్నా ఆలస్యం చేయకూడదు.

ఆరు వారాల ప్లాన్

పెద్ద మార్పుని ఒకేసారి వదిలితే సిస్టమ్ కూలిపోతుంది. చిన్న చిన్న ముక్కలుగా వదులుతాం, ఒకటి నిలబడ్డాకే రెండోది. కుక్కల ట్రైనర్లు చేసేదీ ఇదే. భయపడే వస్తువుని భయం పుట్టనంత చిన్న మోతాదులో చూపిస్తారు, దానితోపాటు ఇష్టమైనది పెడతారు.

మొదటి వారం తాళంచెవి తిప్పనేలేదు. సెల్లార్‌లో కారు నాలుగు తలుపులూ తీసి, పక్కన నేల మీద కూర్చున్నాను. ఉప్పు, మసాలా, ఉల్లిపాయ లేకుండా ఉడికించిన చికెన్ చిన్న చిన్న ముక్కలు. మొదటిరోజు కారుకి ఆరడుగుల దూరంలో. తర్వాత టైరు పక్కన. తర్వాత తలుపు అంచు మీద. ఎత్తి లోపల పెట్టడం మాత్రం లేదు. ఎక్కడానికి వీలుగా ఒక పీట వేశాను. రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి ఐదు నిమిషాలకి మించకుండా. ఐదోరోజు సాయంత్రం వాడంతట వాడే ఎక్కి, సీటంతా వాసన చూసి, దిగిపోయాడు. వాచ్‌మన్ చూసి ‘ఇదేనా సార్ ట్రైనింగ్?’ అని నవ్వాడు. అదే ట్రైనింగ్!

రెండో వారం ఇంజన్. రూమ్మేట్ స్టార్ట్ చేస్తాడు, నేను వెనక సీట్లో జున్నుతో ఉంటాను. రెండు నిమిషాలు ఇంజన్ శబ్దం, చికెన్ ముక్కలు, ఆఫ్. అది కుదిరాక సెల్లార్ ఈ చివర నుంచి ఆ చివరకి. అంతే ప్రయాణం.

మూడో వారం ఎనిమిది వందల మీటర్ల దూరంలోని గ్రౌండ్‌కి. దిగగానే బంతాట. తిరిగి వచ్చేటప్పుడు రూమ్మేట్ కారు తెస్తాడు, మేమిద్దరం నడిచి వస్తాం. దాంతో కారు అంటే క్లినిక్ కాదు, గ్రౌండ్ అని లెక్క మారింది. ఆ వారంలో ఒకరోజు సెల్లార్‌లోకి రాగానే వాడే కారు వైపు లాగాడు. ఆ రోజు షీట్‌లో సొల్లు కాలమ్ ఖాళీ.

నాలుగో వారం ఐదు నిమిషాలు, ఎనిమిది నిమిషాలు, పన్నెండు. ఇరవై నిమిషాలకి వెళ్లినరోజు ఎల్బీనగర్ దాటాక వాంతి. రూమ్మేట్ దిగాలుగా చూశాడు. నాకూ నాన్న మాట గుర్తొచ్చింది. కానీ షీట్ చెప్పేది వేరు. పన్నెండు నిమిషాల దగ్గర బానే ఉంది. కాబట్టి మర్నాడు ఎనిమిది నిమిషాలకి వెనక్కి వెళ్లి, అక్కణ్నుంచి మళ్లీ మొదలుపెట్టాం. పాత టవల్, పేపర్లు, తడి టిష్యూలు ఎప్పుడూ డిక్కీలో ఉంటాయి. తుడిచేశాం, మాట కూడా అనలేదు. వాంతి చేసుకున్నందుకు తిడితే వాడికి అర్థమయ్యేది ఒక్కటే. కారులో కడుపు తిప్పుతుంది, మనిషి కూడా అరుస్తాడు.

ఐదో వారం అరగంట, ముప్పావు గంట. మెలకువలు కూడా ఒక్కొక్కటిగా కుదిరాయి. అవి కింద చెప్తాను.

తిండి, గాలి, సీటు

కడుపు నిండా తిని బయల్దేరితే ఇబ్బంది ఎక్కువ. ప్రయాణానికి మూడు నాలుగు గంటల ముందు తేలిగ్గా పెట్టడం మా వాడికి సరిపోయింది. అయితే మరీ చిన్నపిల్లల్ని, చిన్న జాతుల పిల్లల్ని గంటలకొద్దీ ఖాళీ కడుపుతో ఉంచకూడదు, ఒంట్లో షుగర్ పడిపోవచ్చు. మీ పిల్లకి ఎంత గ్యాప్ సరైనదో డాక్టర్నే అడగండి. నీళ్లు మాత్రం మానిపించొద్దు, కొంచెం కొంచెంగా ఇవ్వండి.

కొత్తగా, ఇష్టంగా తినేదాన్ని సరిగ్గా ప్రయాణానికి ముందు ఎక్కువ పెట్టకండి. 1955లో జాన్ గార్సియా అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఎలుకల మీద చేసిన ప్రయోగం ఒకటుంది. ఎలుకలు తియ్యటి నీళ్లు తాగుతున్నప్పుడు కడుపు తిప్పేలా రేడియేషన్ ఇస్తే, తర్వాత అవి ఆ నీళ్లు ముట్టడం బాగా తగ్గించేశాయి. తిన్నది పడకపోతే దాని రుచి మీదే విరక్తి వస్తుంది. పానీపూరీ తిని జ్వరం తెచ్చుకున్నవాళ్లకి ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

కిటికీ రెండు వేళ్లంత దించాలి, గాలి ఆడేలా. తల బయట పెట్టనివ్వకూడదు, దుమ్మూ రాళ్లూ కళ్లలో పడతాయి. కారు చల్లగా ఉండాలి. డ్యాష్‌బోర్డ్ మీద ఘాటు వాసన సెంటు సీసా ఉంటే తీసేయండి, కుక్క ముక్కుకి అది మనకంటే చాలా రెట్లు ఎక్కువ.

ఒళ్లో కూర్చోబెట్టుకుని డ్రైవ్ చేయడం రీల్స్‌లో ముద్దుగానే ఉంటుంది. సడన్ బ్రేకు పడితే ఆ పిల్ల ఎక్కడికెళ్లి పడుతుందో ఆలోచించండి. ముందు సీట్లో ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే దానికి దెబ్బ. వెనక సీట్లో, ఛాతీకి వేసే హార్నెస్‌ని సీట్ బెల్ట్‌కి తగిలించండి. మెడకి వేసే బెల్ట్‌కి కాదు. బోను అలవాటు ఉంటే ఇంకా మంచిది, కదలకుండా కట్టేయాలి. ముఖం ముందుకి ఉంటే పక్క కిటికీలో పరుగెత్తే చెట్లు కనపడటం తగ్గుతుంది.

అన్నిటికంటే పెద్ద మందు డ్రైవర్ కుడికాలు. స్పీడ్ బ్రేకర్‌కి చాలా ముందే యాక్సిలరేటర్ వదిలేయడం, మలుపులో మెల్లగా తిప్పడం. రూమ్మేట్‌కి ఒక కొలత పెట్టాను. డ్యాష్‌బోర్డ్ మీద మూతలేని గ్లాసులో నీళ్లు ఉన్నట్టు నడపాలి.

ఇంకోటి, చాలా ముఖ్యం. ఎండలో ఆపిన కారులో ఐదు నిమిషాలే కదా అని వదలొద్దు. స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో ఆపిన కారు లోపలి వేడి గంటలో సగటున 22 డిగ్రీలు పెరిగింది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. కిటికీ కొద్దిగా దించినా పెద్ద తేడా లేదు. మన ఎండల సంగతి వేరే చెప్పాలా?

మందు ఇవ్వొచ్చా?

ఇవ్వొచ్చు, డాక్టర్ రాస్తేనే. మన బస్సు ప్రయాణాలకి వేసుకునే మాత్ర సగం విరిచి పెట్టడం లాంటివి మాత్రం వద్దే వద్దు. మందు, మోతాదు, రెండూ వేరు. కుక్కల కోసం మారోపిటాంట్ అనే మందు ఉంది. మెదడులో వాంతిని మొదలుపెట్టే సంకేతాన్ని అది అడ్డుకుంటుంది. ప్రయాణానికి సుమారు రెండు గంటల ముందు, ఒక్క ముద్ద తిండితో ఇస్తారు. నాలుగు నెలలు నిండిన పిల్లలకే ప్రయాణం కోసం రాస్తారు, బరువుని బట్టి మోతాదు.

మా డాక్టర్ చెప్పిన మాటే మీకూ చెప్తున్నా. ఆ మాత్ర వాంతిని ఆపుతుంది, భయాన్ని ఆపదు. భయానికి మందు మనం చేసిన ఆ ఐదు వారాల పనే. రెండూ కలిస్తేనే దూరప్రయాణం.

170 కిలోమీటర్లు

ఆరో వారం, ఆదివారం తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరాం. ఎండ లేదు, ట్రాఫిక్ లేదు. మూడింటికే మాత్ర అయిపోయింది. హయత్‌నగర్ దాటేదాకా నిలబడే ఉన్నాడు. చౌటుప్పల్‌లో మొదటి స్టాప్. తలుపు తీయకముందే తాడు చేతికి చుట్టుకున్నాను, హైవే పక్కన అది మరిచిపోకూడని పని. పది నిమిషాల నడక, రెండు గుక్కల నీళ్లు. నార్కట్‌పల్లి దగ్గర ఒకసారి పెదాలు నాక్కున్నాడు, రెండు ఆవలింతలు. ఆపి దించాం. ఆ తర్వాత సూర్యాపేట దాకా నిద్ర. గుర్రు కూడా!

తొమ్మిదిన్నరకి కోదాడ. ప్రయాణంలో వాంతుల సంఖ్య సున్నా. షీట్‌లో ఆ సున్నా టైప్ చేసి, స్క్రీన్‌షాట్ తీసి రూమ్మేట్‌కి పంపాను. రెండు నిమిషాల్లో ఏడు దండాల ఎమోజీలు వచ్చాయి.

నాన్న వరండాలో కూర్చుని ఉన్నారు. ‘ఇదేనా నీ కుక్క?’ అన్నారు. అంతకంటే ఏం అనలేదు. ఆపరేషన్ అయ్యి ఇంటికొచ్చాక, వాకర్ పట్టుకుని రోజుకి నాలుగుసార్లు వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడవమన్నారు. మొదటి వారం ఆయనకి ఆ పని అంటేనే భయం. నేను చెప్తే వినేవారు కాదు. జున్నుగాడు మాత్రం పక్కనే, ఆయన ఒక అడుగు వేస్తే ఒక అడుగు. ‘వాడొచ్చాడు, లెయ్యాలి’ అని ఆయనే అనడం మొదలుపెట్టారు. ఇచ్చెయ్ అనే మాట మళ్లీ వినపడలేదు.

ఇప్పుడు జున్నుకి పదకొండు నెలలు. నాగోల్ నుంచి కోదాడకి నెలకోసారి వెళ్తున్నాం, చివరి మూడుసార్లూ మాత్ర లేకుండానే. ఘాట్ రోడ్డు ఇంకా ప్రయత్నించలేదు. అరకు అంటే మళ్లీ డాక్టర్‌ని కలిసే వెళ్తాం.

మాకు ఆరు వారాలు పట్టింది. మీ పిల్లకి మూడు వారాలు చాలొచ్చు, మూడు నెలలు పట్టొచ్చు. క్యాలెండర్ చూసి కాదు, పిల్లని చూసి ముందుకి కదలండి. ఆవలింత వస్తే ఆగండి. ఈ సాయంత్రం ఆఫీసు నుంచి రాగానే ఒక పని చేయండి. తాళంచెవి జేబులోనే ఉంచి, కారు తలుపులు తీసి, నాలుగు చికెన్ ముక్కలతో నేల మీద కూర్చోండి. వాచ్‌మన్ నవ్వితే నవ్వనివ్వండి.